మా మిద్దె మీద ముగ్గురాయి ముచ్చట

మా మిద్దె ఇప్పుడు సగం తెలుపు, సగం బూడిద రంగు. కావాలని చేసింది కాదు. ఏప్రిల్‌లో సున్నం, తెల్ల సిమెంటు, కాస్త బంక కలిపి పూయించడం మొదలుపెట్టాను. లెక్క తప్పి సరుకు తక్కువ తెచ్చాను. మేస్త్రీ నీళ్లతొట్టి దాకా పూసి, మిగతాది రేపు చేస్తానని వెళ్లాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఫిజిక్స్ చెప్పి బతికేదాన్ని, కళ్ల ముందు ప్రయోగం సిద్ధమైపోతే ఊరుకుంటానా? తుపాకీలా గురిపెడితే ఉష్ణోగ్రత చూపే చిన్న పరికరం కొన్నాను. మే రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలు, రాజంపేట ఎండ. పూయని వైపు 61 డిగ్రీలు, తెల్లని వైపు 45. నిజానికి పరికరం అక్కర్లేదు. చెప్పులు లేకుండా తెలుపు మీద కాసేపు నిలబడగలను, గీత దాటితే గెంతడమే.

ఈ ధ్యాసలో ఉండగానే అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం 2021లో ప్రకటించిన తెల్ల రంగు గురించి చదివాను. మీద పడిన ఎండలో 98.1 శాతాన్ని తిప్పికొడుతుంది. మామూలు తెల్ల రంగుల్లో ఉండే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. వీళ్లు దాన్ని పక్కనపెట్టి బేరియం సల్ఫేట్ దట్టించారు. రేణువులు కూడా చిన్నా పెద్దా కలిపి వేశారు, వెలుగులోని అన్ని రంగులూ చెదిరిపోవాలని.

బేరియం సల్ఫేట్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. అది మన ముగ్గురాయే కదా! మాకు దగ్గర్లోని మంగంపేట గనులు ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చిన్నప్పటి నుంచి ఆ లారీల దుమ్ము మింగుతూ పెరిగాం. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి కంటే బరువు, అందుకే చమురు బావులు తవ్వేవాళ్లకు అంత అవసరం. నాన్నకు కడుపు ఎక్స్‌రే తీసేముందు తాగించిన తెల్లని చిక్కటి ద్రవమూ ఇదే. గనిలో బూడిద రంగులో ఉండే ఈ రాయి ఇంత తెల్లని రంగుకు మూలమంటే ఎవరు నమ్ముతారు?

గమ్మత్తు తెలుపుతో అయిపోలేదు. ప్రతి వస్తువూ కంటికి కనపడని కిరణాలుగా వేడిని వదులుతూనే ఉంటుంది. వాటిలో 8 నుంచి 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని గాలి పెద్దగా అడ్డుకోదు, తిన్నగా అంతరిక్షంలోకి పోతాయి. ధనుర్మాసంలో ముగ్గు వేయడానికి తెల్లవారుజామున లేస్తే ఆరుబయట పెట్టిన స్కూటర్ సీటు తడిసి ఉంటుంది, రేకుల కింద పెట్టింది పొడిగా ఉంటుంది. బయటది రాత్రంతా ఆకాశానికి వేడి ధారపోసి గాలికన్నా చల్లబడింది మరి. పగలు ఇది సాగదు, ఎండ రాబడి ఆ ఖర్చును మించిపోతుంది. అందుకే పర్డ్యూ వాళ్లు ఆ రాబడిని 2 శాతం దగ్గరకు కుదించారు. 2014లోనే స్టాన్‌ఫర్డ్‌లో ఆశ్వత్ రామన్ బృందం వెండి మీద ఏడు పలుచని పొరలు పేర్చి, ఎండలోనే గాలికన్నా దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉంచి చూపించింది. పర్డ్యూ వాళ్లు 4.5 డిగ్రీల దాకా సాధించారు, అదీ మామూలుగా పూసుకునే రంగుతో. కరెంటు ఖర్చు సున్నా.

గాలిలో తేమ ఉంటే ఆ కిరణాలు అంతరిక్షంలోకి పోయే దారి కొంత మూసుకుపోతుంది, కాబట్టి మచిలీపట్నంలో ఇంత ఫలితం రాదు. దుమ్ము పడితే తెలుపూ తగ్గుతుంది. లారీలు తిరిగే మా రోడ్డు సంగతి ఇక చెప్పాలా! అందుకే నా ఓటు ఇప్పటికి సున్నానికే. హైదరాబాద్ ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద కొలిచి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వట్టి కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనం కోసం వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. మాకు ఏసీ లేదు. ఫ్యాను కింద రాత్రి పదకొండుకు పట్టే నిద్ర తొమ్మిదిన్నరకే పడుతోంది, నాకు అదే లెక్క.

మిగతా సగమూ పూయించేద్దామని మొన్న మేస్త్రీకి ఫోన్ చేయబోతే అమ్మ వద్దంది. తెల్లవైపు ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాలు సాయంత్రానికి కూడా మెత్తగానే ఉన్నాయట. బూడిద వైపు తనకు వదిలేయాలట.