కవలల గర్భంలో విశ్రాంతి అంటే

కడుపులో ఉన్నది కవలలని తెలియగానే మా ఇంట్లో అందరూ నన్ను మంచం దిగనివ్వకూడదని నిశ్చయించుకున్నారు. డాక్టరుగారు మాత్రం అన్నిటికంటే ముందు బిడ్డలకు పోషణ అందించే మాయ (ప్లాసెంటా) ఒకటేనా, రెండా అన్నది చూశారు. 14 వారాలలోపు చేసే స్కానింగులోనే అది బాగా తెలుస్తుందట.

మాకు మాయ ఒక్కటే, ఉమ్మనీటి సంచులు రెండు. ఇలాంటప్పుడు మాయలోని రక్తనాళాల గుండా ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా చేరిపోయే ప్రమాదం ఉంటుంది కనుక, 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి ఇద్దరి ఉమ్మనీరు, మూత్రాశయాలు, ఎదుగుదల, రక్తప్రసరణ పరీక్షిస్తున్నారు. మాయలు వేరైతే సాధారణంగా నాలుగు వారాలకొకసారి చాలు. బీపీ, షుగరు, రక్తహీనత పరీక్షలు ఎలాగూ ఉంటాయి.

విశ్రాంతి దగ్గరే మా అత్తయ్యగారితో పేచీ వచ్చింది. పూర్తిగా మంచానికే పరిమితమైతే నెలలు నిండకముందు కాన్పు రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదనీ, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందనీ డాక్టరుగారు ఆవిడనే కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించారు. అందుకే బరువులెత్తడం మానేశాను, మధ్యాహ్నం పక్కకు తిరిగి పడుకుంటున్నాను, సాయంత్రం విశాఖ ఉక్కపోత కాస్త తగ్గాక బీచ్ రోడ్డులో నెమ్మదిగా నడుస్తున్నాను. అత్తయ్యగారు పక్కనే నడుస్తారు, ఇప్పటికీ సగం నమ్మకంతోనే!

ఇప్పుడు 31వ వారం. చిక్కులేవీ రాకపోతే 36వ వారంలో కాన్పు చేద్దామన్నారు. ఈలోగా నొప్పులు, రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, తీవ్రమైన తలనొప్పి, బిడ్డల కదలికలు తగ్గడం వంటివి ఏవి కనిపించినా అర్ధరాత్రయినా సరే వెంటనే రమ్మన్నారు.