లేబుల్ ప్రింటర్ టికెట్

టికెట్‌లో, అంటే మాకు వచ్చిన ఫిర్యాదులో, ఉన్నది ఒకటే ముక్క: "లేబుల్ ప్రింటర్ పనిచేయడం లేదు, ఎమర్జెన్సీ వార్డు." రాత్రి 11 దాటింది. ఆసుపత్రి కంప్యూటర్ల ఫిర్యాదులు చూసే సర్వీస్ డెస్క్‌లో నేను చేరి అప్పటికి ఏడు నెలలు. ఒక వార్డు, ఒక ప్రింటర్, పొద్దున చూడొచ్చులే అనుకుని, తొందర లేదని చెప్పే ప్రయారిటీ 4 పెట్టాను. మా పట్టిక ప్రకారం అది తప్పు కూడా కాదు. ఎంతమందికి ఇబ్బంది, ఎంత తొందర అని రెండు గడులు చూసి ప్రయారిటీ తేల్చమనే మాకు నేర్పారు.

సిస్టర్ మూడోసారి ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు. "సార్, నా ట్రేలో ఐదు ట్యూబులున్నాయి. పేర్లు చేత్తో రాశాం. బార్‌కోడ్ లేనిదే మెషీన్ తీసుకోదని ల్యాబ్ వాళ్లు పక్కన పెట్టేస్తున్నారు. ఇందులో ఒకటి డయాలసిస్ పేషెంట్‌ది. పొటాషియం ఎంతుందో తెలియక డాక్టర్‌గారు ఆగి ఉన్నారు" అన్నారు.

ఫోన్ పెట్టేసి వార్డుకి పరుగెత్తాను. ప్రింటర్ బాగానే ఉంది. రిబ్బన్ ఉంది, రోల్ ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది. ఆ సాయంత్రం మా టీమే ప్రింటర్లకి పని పంపే ప్రింట్ సర్వర్ మార్చింది. మిగతా ప్రింటర్లన్నీ కొత్త సర్వర్‌కి వెళ్లాయి, ఇదొక్కటే పాతదానికి అంటిపెట్టుకుని ఉండిపోయింది. దాని దారి మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. చిన్న తెల్ల లేబుల్ బయటికొచ్చింది: పేరు, వయసు, పేషెంట్ నంబర్, కింద బార్‌కోడ్. సిస్టర్ దాన్ని ఒలుచుకుని మంచం దగ్గరికి వెళ్లారు. ట్యూబు మీద చేత్తో రాసిన పేరుతోనూ, పేషెంట్ చేతి పట్టీ మీది నంబర్‌తోనూ ఒక్కో అంకె సరిచూసి నిలువుగా అతికించారు. అడ్డంగా చుట్టేస్తే ల్యాబ్ మెషీన్ బార్‌కోడ్ చదవలేదని ఆవిడే చెప్పారు.

నేను టికెట్ తీసుకున్నప్పటి నుంచి ఆ లేబుల్ వచ్చేదాకా 50 నిమిషాలు. పేషెంట్‌కి ఏమీ కాలేదు. అయినా ఆ 50 నిమిషాలు నన్ను వదల్లేదు. మర్నాడు ఆ సర్వర్ మార్పు గురించి రాసుకున్న ఛేంజ్ రికార్డు తెరిచి చూస్తే "యూజర్లపై ప్రభావం: లేదు" అని ఉంది. ఎవరూ కావాలని అలా రాయలేదు. ఆ ప్రింటర్ నుంచి ఏం వస్తుందో, అది రాకపోతే ఏం ఆగుతుందో తెలిసినవాళ్లకి ఆ రికార్డు ఎవరూ చూపించలేదు, అంతే.

అది జరిగి 14 ఏళ్లు. డెస్క్ నుంచి అప్లికేషన్ సపోర్ట్‌కి, అక్కడి నుంచి ఒక సిస్టమ్ సమాచారం ఇంకోదానికి చేరేలా చూసే ఇంటర్‌ఫేస్ టీమ్‌కి, ఆ తర్వాత సర్వీస్ మేనేజర్‌గా, ఇదే రంగంలో ఉండిపోయాను. ఈలోగా టికెటింగ్ టూల్ మూడుసార్లు మారింది. మొదట్లో నేను కష్టపడి నేర్చుకున్న స్క్రీన్లు ఇప్పుడు ఎక్కడా లేవు. పేషెంట్ నడిచే దారి మాత్రం అలాగే ఉంది: రిజిస్ట్రేషన్, ఆర్డర్, శాంపిల్, రిపోర్ట్, మందు, బిల్లు, డిశ్చార్జ్. ఈ దారి తెలిసినవాడికి ఏ టూల్ ఇచ్చినా నెలలో పట్టేస్తాడు. ఇది తెలియకుండా ఎన్ని టూల్స్ వచ్చినా టికెట్లు మూయడం దగ్గరే ఆగిపోతాడు. ఐటీ సర్వీసులు నడిపే పద్ధతులు నేర్పే ఐటిల్ సర్టిఫికెట్ తీసుకోండి, మంచిదే. ఇన్సిడెంట్ (ఇప్పుడు ఆగిన పని) వేరు, ప్రాబ్లమ్ (దాని వెనకున్న కారణం) వేరు అని తెలుస్తుంది, అందరూ ఒకే భాషలో మాట్లాడుకోవచ్చు. పొటాషియం సంగతి మాత్రం అందులో ఉండదు.

నాకు బాగా నచ్చిన కాలం ఇంటర్‌ఫేస్ టీమ్‌లో గడిచింది. ఆసుపత్రి సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని తయారుచేసే హెచ్‌ఎల్‌7 సంస్థ 1987లో మొదలైంది. దాని రెండో వెర్షన్ మెసేజీలు ఇవాళ్టికీ ఎన్నో ఆసుపత్రుల్లో ల్యాబ్ ఫలితాలను మోస్తున్నాయి. చూడ్డానికి నిలువు గీతలతో విడగొట్టిన అక్షరాల వరుసలు. పీఐడీ వరుసలో పేషెంట్ ఎవరో ఉంటుంది. ఓబీఎక్స్ వరుసలో ఫలితం, దాని యూనిట్, మామూలుగా ఎంతుండాలో ఆ పరిధి ఉంటాయి. ఇవి వరుస తప్పకుండా వెళ్లాలని కట్టుదిట్టం చేస్తాం కాబట్టి, ముందున్న ఒక్క మెసేజ్ ఇరుక్కుంటే వెనకవన్నీ నిలబడిపోతాయి. అలాంటప్పుడు మా మానిటరింగ్ స్క్రీన్ మీద సర్వర్లన్నీ పచ్చగానే ఉంటాయి, వార్డులో మాత్రం రిపోర్టులు రావు. ఒకసారి పేరులో పడిన ఒక్క నిలువు గీత వల్ల తర్వాతి గడులన్నీ పక్కకి జరిగిపోయి, క్యూ మొత్తం ఆగింది. అప్పటి నుంచి సర్వర్ బతికుందా లేదా అన్నదానికంటే, చివరి ఫలితం వచ్చి ఎన్ని నిమిషాలైందో చెప్పే అలారం మీదే నాకు నమ్మకం.

పని వేళల సంగతీ అంతే. సర్వీస్ 99.9 శాతం నడుస్తుందని ఒప్పందంలో రాసుకుంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చని అర్థం. ఆ గంటలు ఎప్పుడు వస్తాయన్నదే అసలు ప్రశ్న. తెల్లవారుజామున ఎవరూ ఉండరు కదా అని నాలుగింటికి అప్‌డేట్ పెడతారు. సరిగ్గా ఆ వేళకే రౌండ్స్‌లోపు రిపోర్టులు రావాలని వార్డుల్లో రక్తం తీయడం మొదలవుతుంది. పని గంట ఆలస్యమైతే చాలు, డాక్టర్లు నిన్నటి అంకెలు చూస్తూ మంచం పక్కన నిలబడతారు. ఇలాంటి మార్పులు ఎప్పుడు చేయాలో తేల్చే ఛేంజ్ మీటింగ్‌లో నర్సింగ్ నుంచి ఒకరు కూర్చోవాలని నేను ఏళ్ల తరబడి పోరాడింది ఇందుకే.

2017 మే 12న, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ ఇంగ్లండ్ ఆసుపత్రులను దెబ్బకొట్టింది. అక్కడ ప్రభుత్వ వైద్యసేవలు నడిపే 236 ట్రస్టుల్లో కనీసం 80 ఇబ్బంది పడ్డాయి. దాన్ని ఆపే మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, మార్చి 14నే వచ్చేసింది. ప్యాచ్ వేయడం వినడానికి తేలికే. స్కానింగ్ మెషీన్‌కి కట్టేసి ఉన్న కంప్యూటర్‌ని తయారీదారు అనుమతి లేకుండా ముట్టుకోలేం, మెషీన్ ఆపితే ఆ రోజు స్కాన్లు ఆగుతాయి. ఆ రెండు నెలల్లో ఎవరో ఒకరు ఆ బేరమంతా ఆడి తీరాలి. మా పనిలో ఇంతకంటే బరువైన భాగం లేదనిపిస్తుంది నాకు, బయటికి కనపడదు కాబట్టి దీనికి మెచ్చుకోలు కూడా ఉండదు.

నైట్ షిఫ్టుల గురించి దాచను. ఒంటికి మంచివి కావు. నేను ఆరేళ్లు చేశాను, రెండు మూడేళ్లకే బయటపడే దారి వెతుక్కోమని నా టీమ్‌కి చెబుతాను. ఆ తర్వాత అందరూ మేనేజర్లే కావాలని లేదు. ఇంటర్‌ఫేస్ క్యూ చూడగానే ఎక్కడ ఇరుక్కుందో చెప్పగలిగే సీనియర్ ఒకరు మా దగ్గరున్నారు, ఆయన మేనేజర్ పోస్టు రెండుసార్లు వద్దన్నారు.

ఈ వారం టీమ్‌లో కొత్తగా ఒకమ్మాయి చేరింది. ట్రైనింగ్ ఎప్పుడు మొదలవుతుందని అడిగింది. సోమవారం తెల్లవారి ఐదింటికి ల్యాబ్ శాంపిల్ కౌంటర్ దగ్గరికి రమ్మన్నాను. లాప్‌టాప్ తీసుకురావాలా అంది. వద్దు, ఒక నోట్‌బుక్ తెచ్చుకో చాలు అన్నాను. పక్కన పెట్టేసిన ప్రతి ట్యూబూ ఎందుకు పక్కన పెట్టారో అడిగి రాసుకోవాలి. ఎనిమిదింటికి నేనూ వెళ్లి ఆ నోట్‌బుక్ చూస్తాను.