ఇల్లు శుభ్రం చేసే పనికి కొలత

ఇల్లు శుభ్రం చేయడానికి మనిషిని పెట్టుకునేవారు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: నెలకు ఎంత తీసుకుంటారు? సమాధానం చెప్పవలసిన వ్యక్తి మనసులో మాత్రం వేరే ప్రశ్నలు తిరుగుతూ ఉంటాయి. గదులు ఎన్ని, స్నానాల గదులు ఎన్ని, ఇంట్లో పసిపిల్లలు గాని పెంపుడు జంతువులు గాని ఉన్నాయా, ఈ ఇల్లు చివరిసారి సరిగా శుభ్రపడి ఎంత కాలమైంది, బరువైన సామాను ఎవరు జరపాలి. ఇవేవీ తేలకుండానే ఒక మొత్తం మీద మాట కుదిరిపోతుంది. నేను కొన్నేళ్లు ఇతరుల ఇళ్లు శుభ్రం చేశాను. ఇప్పుడు మా ఇంటి పనికి ఒకరిని పెట్టుకున్నాను. రెండు వైపుల నుంచీ చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ పనిలో పుట్టే తగాదాల్లో ఎక్కువ భాగానికి మూలం పనిని కొలవకుండా జీతం మాట్లాడుకోవడమే.

కొలత అంటే ముందుగా కాలం. స్నానాల గది అంటే పని తెలియనివారికి నాలుగు గోడలూ కాస్త నేలా మాత్రమే కనిపిస్తాయి. కుళాయిల చుట్టూ, పలకల సందుల్లో తెల్లగా పేరుకునే గార చాలావరకు కాల్షియం కార్బొనేట్. ఎంత బలంగా రుద్దినా అది అంత సులభంగా వదలదు, ఆమ్లగుణం ఉన్న ద్రవం పూసి కొంతసేపు వదిలేస్తేనే కరుగుతుంది. క్రిములను చంపే ద్రవాలు కూడా సీసా మీద రాసినంత సేపు ఆ చోట తడిగా నిలవాలి. పూసిన వెంటనే తుడిచేస్తే వాసన మిగులుతుంది గాని పని జరగదు. పని తెలిసిన మనిషి ఆ వ్యవధిలో పక్క గదిలో బూజు దులుపుతారు. అటు ఇటు తిరిగి చూసే యజమానికి మాత్రం రెండు పనులూ సగంలో వదిలేసినట్టు కనిపిస్తుంది. ‘ముందు అది పూర్తి చేయండి’ అనే మాట అక్కడే పుడుతుంది. ఆ ఒక్క మాటతో పని వరుస మొత్తం చెదిరిపోతుంది.

ఆ వరుసకు కారణాలున్నాయి. దుమ్ము కిందికే రాలుతుంది కనుక పైకప్పు నుంచి నేలకు దిగుతూ రావాలి. తడి తగిలిన దుమ్ము మట్టిలా అంటుకుపోతుంది కనుక దులపడం, ఊడవడం అయిన తరువాతే తడిగుడ్డ పట్టాలి. తుడిచిన నేలను మళ్లీ తొక్కకుండా గది లోపలి మూల నుంచి గుమ్మం వైపు రావాలి. మరుగుదొడ్డికి వాడిన గుడ్డ వంటగదిలోకి రాకూడదు, అందుకని గుడ్డలు వేరుగా, వీలైతే రంగును బట్టి గుర్తుపట్టేలా ఉండాలి. ఈ వరుస సాగుతుండగా మధ్యలో పిలిచి మరో పని పురమాయిస్తే, తుడిచిన చోటే మళ్లీ తుడవవలసి వస్తుంది. పోయిన ఆ సమయాన్ని పూడ్చుకోవలసింది మాత్రం పనిచేసేవారే.

ఇంకొక చిక్కు ‘పనిలో పనిగా’ అన్న మాటతో మొదలవుతుంది. పనిలో పనిగా ఈ కిటికీ, పనిలో పనిగా ఆ అలమార, పనిలో పనిగా నాలుగు గిన్నెలు. అడిగేవారికి ఒక్కొక్కటీ చిన్నదే, పైగా అడగడంలో దురుద్దేశం కూడా ఉండదు. కాని గంటలు ముందే నిర్ణయమై ఉన్నప్పుడు కొత్త పని చేరితే పాతదేదో తగ్గాలి, లేదా గంటలూ జీతమూ పెరగాలి. పని జాబితాకు అంతు లేకుండా, గంటలు మాత్రం కదలకుండా ఉంచితే, పనిచేసే వ్యక్తి నాణ్యతను తగ్గించడమో తన సొంత సమయాన్ని ఇవ్వడమో తప్పదు. మొదటిది జరిగితే పని బాగాలేదంటారు, రెండవది జరిగితే ఎవరూ గమనించరు. నేను పనిచేసిన రోజుల్లో నన్ను బాగా అలసటకు గురిచేసినది బరువులు ఎత్తడం కాదు, ఈ గమనింపు లేకపోవడమే.

మనిషిని పెట్టుకోబోయేవారికి నేను చెప్పేది ఒకటుంది. జీతం మాట్లాడే ముందు మీ ఇంట్లో ఒక గదిని, స్నానాల గదిని, మీరు కోరుకునే స్థాయిలో మీరే శుభ్రం చేసి గడియారం చూసుకోండి. ఆ అంకె మీ అంచనాకు మించే అవకాశమే ఎక్కువ. మొదటిసారి చేసే లోతైన శుభ్రతకు వేరుగా సమయం, వేరుగా డబ్బు ఇవ్వండి, ఎందుకంటే నెలల తరబడి పేరుకున్న జిడ్డును ఒక మామూలు రోజు పనిలో కలిపేయడం న్యాయం కాదు. ఆ తరువాత ప్రతిసారీ చేయవలసినవి ఏవి, వారానికొకసారి ఏవి, నెలకొకసారి ఏవి అని ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. చదవడం రానివారైతే చదివి వినిపించి, ఇంట్లో గది గదికీ తిరిగి చూపించి ఒప్పుకోండి.

ఈ కాగితం నా సొంత ఆలోచన కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో ఆమోదించిన 189వ ఒడంబడిక, ఇంటి పనివారికి పని స్వభావం, వేతనం, పని గంటలు, విశ్రాంతి వంటి షరతులు సులభంగా అర్థమయ్యే రీతిలో, వీలైన చోట రాతపూర్వకంగా తెలియజేయాలని చెబుతుంది. వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని, గుర్తింపు పత్రాలు పనివారి దగ్గరే ఉండాలని కూడా అందులో ఉంది. దానిని అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం ఉరుగ్వే. 2013 సెప్టెంబరు 5న అది అమలులోకి వచ్చింది, అయినా ధ్రువీకరించని దేశాలే ఇప్పటికీ ఎక్కువ. ప్రపంచంలో సుమారు 7 కోట్ల 56 లక్షల మంది ఇంటి పనిలో ఉన్నారని, వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలని, పది మందిలో ఎనిమిది మందికి ఉద్యోగ రక్షణలు లేవని ఆ సంస్థే 2021లో లెక్క చెప్పింది. ఇంత పెద్ద శ్రమకు నాలుగు గోడల మధ్య పర్యవేక్షించే అధికారి ఎవరూ ఉండరు కనుక, ఆ ఇంట్లో రాసుకున్న కాగితమే చాలాసార్లు ఏకైక ఆధారం అవుతుంది.

వాడే సరుకుల విషయం ఆ కాగితంలో తప్పక ఉండాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. బ్లీచ్‌లో మరుగుదొడ్డి కడిగే ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, అమ్మోనియా ఉన్న ద్రవం కలిస్తే క్లోరమైన్లు వెలువడతాయి. తలుపు మూసిన చిన్న గదిలో ఇవి కొద్ది నిమిషాల్లోనే ఊపిరి ఆడకుండా చేయగలవు. కాబట్టి ద్రవాలను పేరు లేని సీసాల్లోకి ఒంపి పెట్టడం, పాత నీళ్ల సీసాల్లో పోసి ఇవ్వడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం సుమారు 6,000 మందిని 20 ఏళ్ల పాటు గమనించింది. శుభ్రపరిచే పని చేసే స్త్రీలలోనూ, తమ ఇల్లు తామే శుభ్రం చేసుకునే స్త్రీలలోనూ ఊపిరితిత్తుల సామర్థ్యం, ఆ పని చేయనివారితో పోలిస్తే, వేగంగా తగ్గినట్లు అందులో తేలింది. చేతి తొడుగులు, తెరిచిన కిటికీ, గాలిలో చిమ్మే ద్రవానికి బదులు గుడ్డకు పూసుకునే ద్రవం, ఇవి సమకూర్చవలసిన బాధ్యత ఇంటివారిది. నేల ఏ రాయితో వేశారో చెప్పవలసిన బాధ్యత కూడా వారిదే. గారలో ఉన్న కాల్షియం కార్బొనేటే పాలరాయిలోనూ ఉంటుంది కనుక, గారను కరిగించే ఆమ్లం పాలరాతి నునుపునూ తినేస్తుంది. ఆ సంగతి చెప్పకుండా నష్టాన్ని పనిమనిషి జీతంలో కోయడం నేను కళ్లారా చూశాను.

నాగాల సంగతి కూడా చెప్పాలి. పనిచేసే వ్యక్తి రాకపోతే ఆ రోజు జీతం కోసేవారు, తాము ఊరు వెళ్లినప్పుడు మాత్రం ‘ఈ వారం రావద్దు’ అని చెప్పి ఆ రోజులకూ డబ్బు ఇవ్వరు. ఆ వారం ఆ గంటలను మరొక ఇంటికి ఇచ్చుకునే వీలు పనిచేసేవారికి ఉండదు, మీ కోసమే వాటిని ఖాళీగా ఉంచారు. మీరు లేని రోజులకు జీతం ఇవ్వడం దానం కిందికి రాదు. అనారోగ్యపు రోజులకు, కొన్ని సెలవులకు కూడా జీతం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి రెండు మాటలు. ఇల్లంతా చూడకుండా జీతం ఎంతో చెప్పకండి, చూసిన తరువాత కూడా ఆలోచించి మర్నాడు చెబుతానని అనడానికి సంకోచించకండి. మీరు చేయని పనులేవో, ఉదాహరణకు ఎత్తైన కిటికీ బయటి వైపు ఎక్కి తుడవడం, ముందే చెప్పండి. అప్పటికే పగిలినవి, గీతలు పడినవి మొదటి రోజే ఇంటివారికి చూపించండి, తరువాత చూపిస్తే నమ్మకం కుదరదు. మోకాళ్ల మీద కూర్చుని తుడవవలసి వస్తే మందపాటి మెత్త వేసుకోండి. గట్టి నేల మీద రోజూ అలా కూర్చుంటే మోకాటి చిప్ప ముందు ఉండే, ద్రవంతో కూడిన చిన్న సంచి వాచిపోతుంది, ఆ వాపు ఒకసారి వస్తే మళ్లీ మళ్లీ రావచ్చు.

మా ఇంట్లో ఆ కాగితాన్ని వంటగది తలుపు లోపలి వైపు అంటించాము. దాని అడుగున పని మొదలైన తేదీ, జీతాన్ని మళ్లీ మాట్లాడుకోవలసిన తేదీ రాసి ఉన్నాయి. ఆ రెండవ తేదీని ఆమె గుర్తు చేయవలసిన అవసరం రాకుండా, దగ్గర పడగానే ఆ మాట నేనే ఎత్తుతాను.