పీట్ నేలల్లో నిలిచిన పుప్పొడి లెక్క

స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త లెనార్ట్ వాన్ పోస్ట్ 1916లో క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, ఇచ్చిన ఉపన్యాసంలో దక్షిణ స్వీడన్ పీట్ నేలల (సగం కుళ్ళిన మొక్కలు పొరలుగా పేరుకున్న చిత్తడి నేలల) నుంచి సేకరించిన పుప్పొడి పటాలను చూపించారు. పీట్‌లో పుప్పొడి ఉంటుందని అంతకు ముందే తెలుసు; ఒక్కొక్క పొరలో ఏ చెట్టు రేణువులు ఎంత శాతమో లెక్కించి, లోతును బట్టి ఆ శాతాలను వరుసగా గీసి, మంచుయుగపు మంచు వెనుదిరిగాక అడవులు మారిన క్రమాన్ని చదవవచ్చునని చూపడమే ఆయన చేసిన కొత్త పని.

స్ఫాగ్నమ్ నాచు పేరుకున్న ఆ నేలల్లోని నీరు ఆమ్లగుణం కలిగి, ఆక్సిజన్ దాదాపు లేనిది కావడం వల్ల అక్కడ కుళ్ళడం చాలా నెమ్మదిగా సాగుతుంది. పైగా పుప్పొడి పైపొర స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారైనది. మట్టి రేణువులను వదిలించడానికి ప్రయోగశాలలో గాజును సైతం కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని వాడినా అది చెక్కుచెదరదు. అలా మిగిలిన రేణువుల్లో రెండు గాలి సంచులున్న పైన్‌ను, మూడు రంధ్రాలున్న బిర్చ్‌ను సూక్ష్మదర్శినిలో గుర్తించడం కష్టం కాదు.

దక్షిణ స్కాండినేవియాలో అట్టడుగున గడ్డి జాతులు, ఆర్టెమిసియా వంటి ఆరుబయలు మొక్కలు కనిపిస్తాయి. సుమారు 12,900 ఏళ్ళ కిందట చలి తిరిగివచ్చి, 11,700 ఏళ్ళ కిందట ముగిశాక, బిర్చ్, పైన్, వాటి వెనుక హేజెల్, ఆపై ఎల్మ్, ఓక్, లైమ్ వచ్చాయి.

అయితే శాతాల్లో ఒక చిక్కు ఉంది. ఒకటి పెరిగితే, తక్కినవి నిజంగా తగ్గకపోయినా, పటంలో తగ్గినట్టే కనిపిస్తాయి. గాలికి వదిలే పైన్ పుప్పొడి విస్తారంగా పుట్టి చాలా దూరం వెళుతుంది కాబట్టి, పైన్ లేని చోట కూడా దాని శాతం ఘనంగానే ఉండవచ్చు. కీటకాలపై ఎక్కువగా ఆధారపడే లైమ్ చెట్టు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. 1960లలో పుప్పొడి పరిశోధకురాలు మార్గరెట్ డేవిస్ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు రోజర్స్ సరస్సు అవక్షేపాలకు, రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు తేల్చే రేడియోకార్బన్ కాలనిర్ణయం జోడించి, చదరపు సెంటీమీటరుకు ఏటా ఎన్ని రేణువులు పడ్డాయో లెక్కగట్టారు. తొలి పొరల్లో మొత్తం పుప్పొడే అతి స్వల్పమని తేలింది. శాతాల్లో కనిపించిన చెట్ల వాటా దట్టమైన అడవికి గుర్తు కాదు.

పీట్ ఒకే వేగంతో పెరగదు కాబట్టి అక్కడ ఈ లెక్కకు చాలా కాలనిర్ణయాలు కావాలి, ఖర్చూ ఎక్కువే. అందుకే నేటికీ చాలా పటాలు శాతాల్లోనే వెలువడుతున్నాయి; నా మటుకు నేను పైన్ గీతను చూసే ముందు, ఆ చోటు ఆరుబయలేమో తెలియడానికి, గడ్డి గీతను చూస్తాను.