"గ్యాస్" అన్న ఒక్క మాట కింద ఎన్ని జబ్బులున్నయో

నల్లగొండ, పాలమూరు వైపు ఏ మెడికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడ్డా ఈ మాట వినబడుతుంది: "అన్నా, గ్యాస్ వట్టింది, ఒక గోళీ ఇయ్యి." ఛాతీలో మంట వచ్చినా గ్యాసే. బొడ్డు చుట్టూ మెలిపెట్టినా గ్యాసే. మూడు రోజులుగా దొడ్డికి పోకపోయినా, వీపు పట్టేసినా అదే మాట. షాపాయన మరో ప్రశ్న అడగకుండా ఒక పాంటోప్రజోల్ చేతిలో పెడతాడు. అది కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందు. మలబద్ధకానికి, పేగుల్లో నిండిన గాలికి, పిత్తాశయంలో రాళ్లకు దానితో పనిలేదు. కాబట్టి ముందు ఆ మాటను విడదీసుకోవాలి. నొప్పి సరిగ్గా ఎక్కడ? తిన్నాక పెరుగుతుందా, తగ్గుతుందా? రాత్రి నిద్రలో లేపుతుందా? దొడ్డికి పోయి వస్తే సర్దుకుంటుందా? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది.

వీటన్నిటికంటే ముందు, ప్రాణాలు తీసే పొరపాటు ఒకటుంది. గుండెపోటు చాలామందిలో అచ్చం గ్యాస్ లాగే మొదలవుతుంది. ఛాతీ మధ్యలో బరువు, పొట్ట పైభాగంలో నొప్పి, ఒక తేన్పు వస్తే బాగుండనిపించడం, వాంతి వచ్చినట్టుండటం. నడిస్తే, మెట్లెక్కితే పెరిగి ఆగితే తగ్గే నొప్పి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, దాంతోపాటు చల్లటి చెమట, ఆయాసం ఉంటే దాన్ని కడుపు నొప్పి అనుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు నొప్పి లేకుండా చెమట, ఆయాసం మాత్రమే రావచ్చు. సోడా తాగి చూద్దాం, వాము నమిలి చూద్దాం అంటూ గంట గడపకండి. 108కి ఫోన్ చేసి ఈసీజీ ఉన్న దవాఖానకు పోవాలి. మొదటి ఈసీజీ బాగానే ఉందన్నా నొప్పి ఆగకపోతే మళ్లీ తీయమని అడగండి. మొదటిసారి ఏమీ కనబడకపోయే అవకాశం ఉంటుంది.

ఇక అసలు మంట సంగతి. అన్నవాహిక కడుపులో కలిసే చోట ఒక కండరపు కట్టు ఉంటుంది. అన్నం దిగేటప్పుడు తెరుచుకుని తర్వాత బిగుసుకోవాలి. కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే, పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే, బీడీ తాగితే ఆ కట్టు వదులవుతుంది. పుల్లటి నీళ్లు గొంతు దాకా వస్తాయి. పొలం నుంచి వచ్చి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే ఇళ్లలో ఈ బాధ ఎక్కువ. తిండికీ పడకకూ మధ్య కనీసం రెండు గంటలు, వీలైతే మూడు గంటలు ఉండాలి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది, లాభం లేదు. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి, మంచమంతా 15 సెంటీమీటర్లు వాలేలా చేయండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కూడా ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. పచ్చిమిర్చి తొక్కు, పచ్చిపులుసు పుండు పుట్టించవు. ఉన్న మంటను మాత్రం రేపుతాయి. తిన్నప్పుడల్లా మండితే కొన్నాళ్లు ఆపండి. మండకపోతే మానాల్సిన పనిలేదు.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ మంచి మందులే, వాడే తీరే తప్పు. కడుపు గోడలో ఆమ్లం చిమ్మే పంపులు తిండి రాగానే పని మొదలుపెడతాయి. ఈ మందు పని మొదలుపెట్టిన పంపులనే మూస్తుంది. కాబట్టి పొద్దున టిఫినుకు అరగంట ముందు, పరగడుపున, నమలకుండా మింగాలి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే చాలా భాగం వృథా. గులాబీ రంగు యాంటాసిడ్ సీసాది వేరే లెక్క. అది పుట్టిన ఆమ్లాన్ని అప్పటికప్పుడు విరగ్గొడుతుంది, తిన్నాక గంటకు తాగితే ఎక్కువసేపు నిలుస్తుంది. ప్రజోల్ గోళీలు మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడతారు. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గుతాయి. ఒక్కసారిగా ఆపితే కొద్దిరోజులు ఆమ్లం ముందుకంటే ఎక్కువ ఊరి, "గోళీ లేకుంటే బతకలేను" అనిపిస్తుంది. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకుంటే ఆ బాధ ఉండదు.

మన జిల్లాల్లో అల్సర్ గురించి మాట్లాడేటప్పుడు నొప్పి గోళీల ముచ్చట వదలకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన పెద్దవాళ్లు, పత్తి ఏరి నడుం పడిపోయిన కూలీలు, పాలమూరు నుంచి మట్టిపనికి వలస పోయేవాళ్లు, వీళ్లందరికీ డైక్లోఫెనాక్ చేతికందే మందు. కడుపు గోడను తన ఆమ్లం నుంచే కాపాడే జిగురు పొర ఒకటుంటుంది. ఆ పొరను నిలబెట్టే రసాయనాలను ఈ గోళీలు ఆపేస్తాయి. "గోళీ పడదు, సూది ఏపిచ్చుకుంట" అనుకోవడం ఇంకో భ్రమ. మందు రక్తంలో కలిసి అదే పని చేస్తుంది, సూది వేసినా పుండు పడుతుంది. దానిమీద మద్యం తాగితే, పేరు లేని పొట్లం గోళీల్లో స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటే, రక్తస్రావం దాకా పోవచ్చు. పారాసిటమాల్‌కు ఈ గుణం లేదు. పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాములది ఆరు గంటలకోసారి వేసుకోవచ్చు. రోజూ మద్యం తాగేవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు మాత్రం అడిగి వేసుకోవాలి.

అల్సర్‌కు రెండో కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. కడుపు పుండుకు దిగులూ కారమే కారణమని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని పట్టుకున్నారు. 2005లో నోబెల్ వచ్చింది. మలపరీక్షతోనో ఊపిరి పరీక్షతోనో ఇది తెలుస్తుంది. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి ప్రజోల్ గోళీలు, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్‌లు వాడి ఉండకూడదు. లేకపోతే ఉన్న సూక్ష్మజీవి కూడా లేనట్టే వస్తుంది. మందులు సాధారణంగా 14 రోజులు. అయిదో రోజు మంట తగ్గిందని ఆపితే అది మళ్లీ లేస్తుంది, అవే మందులకు ఈసారి లొంగకపోవచ్చు. దొడ్డికి తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే పుండు నుంచి రక్తం కారుతున్నట్టే లెక్క, ఆ రోజే దవాఖానకు పోవాలి. ఐరన్ గోళీలు వేసుకునేవాళ్లకు కూడా నల్లగా వస్తుంది కానీ ఆ జిగట ఉండదు. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మంట, ఇవి ఉంటే గోళీలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి గొట్టం దించి కడుపు లోపల చూసే పరీక్ష, చేయించుకోండి. ముందు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. గొట్టం లోపల ఉండేది కొన్ని నిమిషాలే.

మలబద్ధకం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనికి మందు ఒకప్పుడు మన చేనులోనే పండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. పెద్దమనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మూడు పూటలా కలిపి 400 గ్రాముల బియ్యం వండుకు తిన్నా 12 గ్రాములు దాటదు. గట్క, జొన్నరొట్టె, తైదంబలి పక్కకు పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చాక ఈ లోటు పడింది. రాత్రి అన్నం బదులు 100 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు, పప్పు, గిన్నెడు పుంటికూరో తోటకూరో, పగలు ఒక జామకాయ తింటే లెక్క దాదాపు సరిపోతుంది. కానీ ఒక్కరోజులో మార్చొద్దు. పీచు అమాంతం పెంచితే పొట్ట ఉబ్బి, "జొన్న నాకు పడదు" అని మానేస్తారు. వారానికి ఒక పూట చొప్పున పెంచండి. నీళ్లూ పెంచండి. ఎండలో పనిచేసేవాళ్లకు రోజుకు మూడు, నాలుగు లీటర్లు కావాలి. నీళ్లు లేకుండా పీచు ఒక్కటే తింటే మలం ఇంకా గట్టిపడుతుంది.

కూలికి పోయే ఆడవాళ్ల కష్టం వేరు. చాటు దొరకదని ఆపుకుంటారు, అందుకోసం నీళ్లు కూడా తక్కువ తాగుతారు. ఆపుకున్న కొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది, చివరికి రాయిలా అవుతుంది. పొద్దున ఏదైనా తిన్న అరగంటలో పెద్దపేగు తనంతట తానే కదులుతుంది. పనికి బయల్దేరే ముందు ఆ అరగంటలో పది నిమిషాలు కూర్చోగలిగితే చాలా బాధ తప్పుతుంది. కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద జానెడు ఎత్తు పీట పెట్టుకోవాలి. ఇసబ్‌గోల్ వాడితే రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. సునాముఖి చూర్ణం రోజుల తరబడి వద్దు, కడుపులో మెలిపెడుతుంది, నీళ్ల విరేచనాలై ఒంట్లో లవణాలు పోతాయి. దొడ్డికి పోయేటప్పుడు కోసినట్టు నొప్పి, ఎర్రటి చుక్కలు ఉంటే అది ఎక్కువగా మలద్వారం దగ్గరి చీలిక. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో పది, పదిహేను నిమిషాలు, రోజుకు మూడుసార్లు కూర్చుంటే బిగిసిన కండరం వదులవుతుంది. మొలల బోర్డు చూసి సూది వేయించుకునే ముందు, లోపల పరీక్ష చేసి చెప్పారా లేదా అని అడగండి. రక్తం పడేవన్నీ మొలలు కావు. నలభై అయిదు దాటినవాళ్లకు పెద్దపేగు పరీక్ష కూడా అవసరం కావచ్చు.

నిజంగా గాలి వల్ల వచ్చే ఉబ్బరం ఎక్కువగా రెండింటితో. ఉలవలు, శనగల్లోని కొన్ని చక్కెరలు మనకు అరగవు, పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి. రెండోది పాలు. పాలు తాగితే ఉబ్బి చల్ల తాగితే ఏమీ కాకపోతే పాలలోని చక్కెర పడనట్టు. చల్లే తాగండి.

వానలు పడగానే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. నీళ్లు కాచితే, బుడగలు లేచాక ఒక నిమిషం మరిగితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లను కాచి తాగడం పరిష్కారం కాదు, మిషన్ భగీరథ నీళ్లు పట్టి వాటిని కాచుకోండి.

విరేచనాల్లో చంపేది సూక్ష్మజీవి కంటే ముందు నీటి లోటే. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో గుప్పిస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం, చిటికెడు చిటికెడు కలిపితే కొలత తప్పుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి. చిన్న టీ చెంచా, తల కొట్టి కొలవాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ల లోపు వాళ్లకు 100 నుంచి 200 పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచా చెంచా పట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఆ మాట వాడొద్దని ఆదేశించింది. పాత డబ్బాలు ఇంట్లో ఉంటే పిల్లలకు పట్టకండి. తల్లిపాలు ఆపొద్దు. విరేచనాలు కట్టించే లోపెరమైడ్ గోళీ పిల్లలకు ఇవ్వొద్దు. కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, మత్తుగా పడున్నా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు రోజుకోసారి, 14 రోజులు. విరేచనాలు మూడో రోజే కట్టినా పద్నాలుగూ వేయండి. దెబ్బతిన్న పేగు గోడ మానడానికి, మళ్లీ విరేచనాలు రాకుండా ఉండటానికి మిగతా రోజుల గోళీలే పనికొస్తాయి.