రోమన్ల సెలవు చీటీ చదవడానికి నెల పట్టింది

మా నాన్న కరణం. ఆయన గొలుసుకట్టు రాతలో ఉన్న పాత దస్తావేజులు గడగడా చదివేస్తానని నాకు కాస్త పొగరు. న్యూకాసిల్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అది దిగింది.

అక్టోబరులో ఒక ఆదివారం విండొలాండా చూపించింది. బ్రిటన్‌లో రోమన్ల ఉత్తరపు సరిహద్దు కోట అది. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి మొదలుపెట్టించిన సరిహద్దు గోడ కన్నా ముందుది. 1973లో రాబిన్ బర్లీ తవ్విస్తుంటే చిత్రికపొట్టు లాంటి చెక్కపేళ్లు దొరికాయి. అంటుకున్న రెంటిని విడదీస్తే లోపల సిరాతో లాటిన్ రాత! గాలి తగిలి మాసిపోయిన ఆ రాత మళ్లీ ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లోనే తేలింది.

ఆ ఫొటోలు లాప్‌టాప్‌లో పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. బి అక్షరానికి బొజ్జ ఎడమవైపు, అచ్చం డి లాగా. ఏది సిరా గీతో ఏది చెక్క నారో తేలదు. ఒక్క వరసకు రెండు రోజులు పట్టింది. నా పాఠం రాసుకోవడం, తర్వాత బౌమన్, థామస్ పండితుల పాఠంతో పోల్చుకోవడం, సిగ్గుపడటం. ఇదే పని.

అంకెలొచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. తుంగ్రియన్ల పటాలం హాజరు పట్టీ అది. పేరుకు 752 మంది. బయట ఉన్నవాళ్లే 456: గవర్నరు కాపలాకు 46, కోరియాలో (ఇప్పటి కార్‌బ్రిడ్జ్) 337, మిగతావాళ్లు తలో దిక్కు. కోటలో ఉన్నది 296. అందులో 15 మందికి జబ్బు, ఆరుగురికి గాయాలు, పదిమందికి కళ్లకలక. కూడి చూశాను, సరిపోయింది. గుమాస్తా గట్టివాడే. సామ్రాజ్యపు అంచును కాపలా కాసింది రోము వాళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ తుంగ్రియన్లు ఇప్పటి బెల్జియం వైపు వాళ్లు.

గోధుమల లెక్క రాసిన పేడు వెనక ఒక అర్జీ చిత్తు ఉంది. బెత్తాలతో దెబ్బలు తిన్నవాడి గోడు: నేను సముద్రం అవతలి నుంచి వచ్చిన నిరపరాధిని, పటాలం పెద్ద ప్రిఫెక్టు గారు జబ్బుపడి దొరకలేదు, కింది అధికారులకూ దళపతులైన సెంచూరియన్లకూ చెప్పుకున్నా లాభం లేకపోయింది. తాలూకా కచేరీ వరండాలో ఇలాంటి గోడు ఎన్నిసార్లు విన్నానో!

నాలుగో వారంలో, పాఠం చూడకుండా, ఒక సెలవు చీటీలో ‘రోగో దొమినే’ కళ్లబడింది. ‘అయ్యా, మనవి చేసుకుంటున్నాను.’ రాసినవాడు మెస్సికస్. కోరియాలో సెలవు గడపడానికి తనను యోగ్యుడిగా ఎంచమంటున్నాడు.

ఉత్సాహం పట్టలేక దాన్ని ‘మహారాజశ్రీ ప్రిఫెక్టు గారి సముఖమునకు’ అని మొదలుపెట్టి, మా నాన్న గొలుసుకట్టులోనే తెలుగు చేసి ఫ్రిజ్‌కి అంటించాను. మా అమ్మాయి కాఫీ తాగుతూ చాలాసేపు చూసింది.

"నాన్నా, ఇదేనా లాటిన్?" అంది.