హోటల్ గదికి డిమ్మర్ తప్పనిసరా?

విశాఖ బీచ్ రోడ్డుకు దగ్గరలో కడుతున్న ఒక హోటల్ ఎలక్ట్రికల్ పనులు చూస్తున్నాను. లీడ్ (పర్యావరణహిత భవనాలకిచ్చే గుర్తింపు) ధ్రువీకరణ రావాలంటే గది గదికీ వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్ పెట్టాల్సిందేనని ఎవరో చెప్పారట. యజమాని ఆ డిమ్మర్ల కొటేషన్‌ను నా ముందు పెట్టి, ఇంత ఖర్చు నిజంగా అవసరమా అని అడిగారు.

ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. లీడ్ నాలుగో వెర్షన్‌లోని ఇంటీరియర్ లైటింగ్ క్రెడిట్ (పాయింట్లు తెచ్చే ఐచ్ఛిక అంశం), ఒక్కొక్కరు కూర్చుని పనిచేసుకునే చోట్లలో కనీసం 90 శాతానికి మూడు స్థాయిల వెలుతురు ఉండాలంటుంది: పూర్తిగా వెలగడం, ఆరిపోవడం, పగటి వెలుతురును కలపకుండా 30 నుంచి 70 శాతం మధ్య ఉండే నడిమి స్థాయి. అయితే అతిథి గదుల్లో తగినన్ని స్విచ్‌లు ఎలాగూ ఉంటాయని భావించి, ఆ లెక్కలోంచి వాటిని తీసివేస్తున్నట్టు అదే క్రెడిట్‌లో స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి ఆ నియమం వర్తించేది అకౌంట్స్ గదికీ మేనేజర్ గదికీ గాని, సముద్రం కనిపించే గదులకు కాదు.

అలాగని గదులకు ఏ నియమమూ లేదనుకోకూడదు. లీడ్ నాలుగో వెర్షన్‌లో ఇంధన సామర్థ్యపు ముందస్తు షరతు ఆష్రే 90.1 (భవనాల ఇంధన వాడకంపై అమెరికా ఇంజినీర్ల సంఘం ప్రమాణం) 2010 ప్రతిని అనుసరిస్తుంది. దాని ప్రకారం స్నానాల గది మినహా గదిలోని స్థిరమైన దీపాలన్నిటినీ, స్విచ్‌తో నడిచే ప్లగ్ పాయింట్లనూ గుమ్మం దగ్గరే ఆర్పగలగాలి. స్నానాల గది దీపం మనిషి బయటికి వచ్చిన 60 నిమిషాల్లోపు దానంతటదే ఆరిపోవాలి. 5 వాట్లు దాటని రాత్రి దీపానికి మాత్రం మినహాయింపు ఉంది. 2013 ప్రతి ఇంకా బిగించి, గది ఖాళీ అయిన 20 నిమిషాల్లోపు దీపాలు వాటంతటవే ఆరాలంది. మన దేశపు భవనాల ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీ కూడా గుమ్మం దగ్గర అన్నిటినీ ఒకేసారి ఆర్పే మాస్టర్ స్విచ్ కావాలనే అంటుంది.

ఆ మాస్టర్ స్విచ్ పనిని చాలా హోటళ్లు కీ కార్డ్ హోల్డర్‌కు (కార్డు దూర్చి ఉంచినంతసేపే గదికి కరెంటు ఇచ్చే పెట్టెకు) అప్పగిస్తాయి. మన ఊరి ఉక్కపోతలో, తిరిగి వచ్చేసరికి గది చల్లగా ఉండాలని అందులో విజిటింగ్ కార్డు దూర్చి వెళ్లని అతిథి అరుదు (నేనూ ఆ పని చేసినవాడినే). మామూలు హోల్డర్‌కు ఏ అట్టముక్కైనా ఒకటే గనుక, హోటల్ కార్డునే గుర్తుపట్టే రకానికి డబ్బు పెట్టడం మేలని నా అభిప్రాయం.

స్నానాల గది దీపాన్ని దానంతటదే ఆర్పే సెన్సార్ విషయంలో తొందర పనికిరాదు. షవర్ చుట్టూ ఉన్న గాజు పలక లోంచి మనిషి ఒంటి వేడిని ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ పసిగట్టలేదు. సమయాన్ని 5 నిమిషాలకు కుదిస్తే, ఒంటి నిండా సబ్బుతో ఉన్న అతిథి చీకట్లో చేతులు ఊపాల్సి వస్తుంది. అందుకే 30 నిమిషాలకు పెట్టమన్నాను.

కొటేషన్‌లోంచి డిమ్మర్లు కొట్టేశాం. మంచం పక్కన రెండో మాస్టర్ స్విచ్, స్నానాల గదిలో చిన్న రాత్రి దీపం చేరాయి.